మారు వడ్డన

ఆదివారం పొద్దున్న వీడియో కాల్ అంటే నాకు ఒళ్లు మండేది. ఫోన్‌లో మా అత్త డబ్లిన్ పక్క టాలట్‌లోని మా మరిది ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తూ ఉండేది. తీస్తూ తీస్తూ లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా సింకు దాకా నడిచి, చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చునేది. నా వైపు చూసి నవ్వేది కూడా. "చూసినవా అక్కా, అత్తమ్మ ఎంత మంచిగ నడుస్తున్నదో" అని మా తోడికోడలు పక్క నుంచి అనేది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదని నాకు తెలుసు. అయినా గుచ్చుకునేది.

ఎందుకంటే అదే మనిషి ఐర్లండ్‌లోనే పడమటి వైపున్న ఎన్నిస్‌లో మా ఇంట్లో ఉన్నప్పుడు హాల్లోంచి వంటింట్లోకి రావాలంటే గుమ్మం దగ్గర ఆగిపోయేది. పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడేది. ఒళ్లు ముందుకి వంగుతుంది, కాళ్లు రావు. నేనో, మా బావో వెళ్లి "ఒకటి, రెండు, వెయ్యి అడుగు" అంటే గానీ కదిలేది కాదు. ఇక నవ్వు సంగతి చెప్పక్కర్లేదు. నేను ఎంత చేసి పెట్టినా ఆ ముఖంలో ఒక గీత కదిలేది కాదు.

బావ అంటే మా ఆయనే. మాది మేనరికం. అత్త నాకు అత్తగారు మాత్రమే కాదు, మా నాన్న చెల్లెలు, సొంత మేనత్త. చిన్నప్పుడు నాకు జడ వేసిన చెయ్యి, అన్నం కలిపి పెట్టిన చెయ్యి. "అన్న కూతురు నా ఇంటికే రావాలి" అని పట్టుబట్టి మరీ తెచ్చుకుంది. తోడికోడలి సంగతి వేరు. మరిది డబ్లిన్‌లో మాస్టర్స్ చదువుతున్నప్పుడు పరిచయమైన అమ్మాయి, వరంగల్ వైపు పిల్ల. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నారు. మంచిదే, కాదనను. కానీ నా రక్తం నా ఇంట్లో బిగుసుకుపోయి, ఎక్కడి నుంచో వచ్చిన పిల్ల ఇంట్లో చకచకా నడవడం ఏమిటి? ఈ ప్రశ్న నన్ను నిద్రపోనిచ్చేది కాదు.

మామయ్య పోయాక కొడుకులిద్దరూ ఆవిడని ఇక్కడికి తీసుకొచ్చేశారు. కొన్నాళ్లు మా దగ్గర, కొన్నాళ్లు టాలట్‌లో. జబ్బు మేం గుర్తుపట్టేసరికే చాలా ముదిరింది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అన్నీ కనిపిస్తాయి. ఇంగువ డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని "ఇదేందే, వాసనే లేదు, కల్తీదా" అని అడిగిన రోజులు. నడుస్తుంటే ఎడమ చెయ్యి ఊగుతూ, కుడి చెయ్యి మాత్రం ఒంటికి అంటుకుని ఉండటం. సంతకం రానురాను సన్నబడి చీమల బారులా అయిపోవడం. వయసు మీద పడుతోంది అనుకున్నాం. చలి దేశం, ఒళ్లు బిగుసుకుంటుంది అనుకున్నాం. చివరికి మా జీపీ, అంటే మామూలుగా చూపించుకునే డాక్టరే, ఆ నడక చూసి నరాల డాక్టర్ దగ్గరికి పంపాడు.

ఆ డాక్టర్ యంత్రాలేవీ పెట్టకుండానే చాలాసేపు చూసింది. బొటనవేలికి చూపుడువేలిని కొట్టమంది, గుప్పిళ్లు మూసి తెరవమంది, వరండాలో నడిపించింది. పార్కిన్సన్స్ అంది. "వణుకు లేదు కదండీ" అన్నాడు బావ. మా ఊళ్లో దాన్ని వణుకుడు జబ్బు అనే అంటారు మరి. వణుకు అందరికీ రాదని, కొందరికి బిగుసుకుపోవడం, మందగించడమే ఎక్కువగా ఉంటుందని చెప్పింది. మెదడులో ఒక మూల డోపమైన్ అనే పదార్థం తయారుచేసే కణాలు ఉంటాయట. అవి మెల్లమెల్లగా తగ్గిపోతుంటాయి. ఎందుకు తగ్గుతాయో ఇంకా పూర్తిగా తెలియదు. మనం ఆలోచించకుండా చేసే పనులన్నీ, అంటే చెయ్యి ఊపుతూ నడవడం, కుర్చీలోంచి లేవడం, గుటక వెయ్యడం, నవ్వడం, ఇవన్నీ సాఫీగా సాగాలంటే ఆ డోపమైన్ ఉండాలి. జబ్బుని పూర్తిగా పోగొట్టే మందు లేదు. కానీ లీవోడోపా అనే మాత్ర ఉంది. అది మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారుతుంది, పని చేసినంతసేపు మనిషిని నడిపిస్తుంది.

ముఖం గురించి కూడా ఆ రోజే చెప్పింది. ముఖంలో కండరాలు కూడా బిగుస్తాయి, నవ్వు లోపల ఉంటుంది గానీ బయటికి రాదు, కోపంగా ఉందనుకోకండి అంది. నేను తల ఊపాను. ఇంటికొచ్చాక మర్చిపోయాను. పళ్లెం ముందు కూర్చుని రాయిలా చూస్తున్న మేనత్తని రోజూ చూస్తుంటే డాక్టర్ మాట ఎంతకాలం గుర్తుంటుంది?

నేను ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి వంటకి లోటు చెయ్యలేదు. ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయని, పరగడుపున మింగితే కడుపులో మంట అని మా ఇంట్లో అందరికీ నమ్మకం. అందుకని పొద్దున్నే పెసరట్టు, ఉడకబెట్టిన గుడ్డు పెట్టి, తర్వాత గ్లాసు నిండా పాలతో మాత్ర వేసేదాన్ని. మధ్యాహ్నం ముద్దపప్పు, నెయ్యి, గడ్డ పెరుగు, వాటి వెనకే ఇంకో మాత్ర. సాయంత్రం సున్నుండ, మళ్లీ పాలు, మళ్లీ మాత్ర. పక్క వీధి మలయాళీ ఆంటీ చూసి, సొంత కూతురు కూడా ఇంత చెయ్యదు అంది. ఆ మాట నేను ఫోన్‌లో టాలట్‌కి చేరవేశాను.

అత్త "వద్దే" అనేది. అప్పటికే గొంతు బాగా సన్నబడింది, పక్కన కూర్చుంటే గానీ వినపడదు. నేను వడ్డిస్తూనే ఉండేదాన్ని. మా ఇళ్లల్లో తిండి దగ్గర వద్దు అనేది అర్థం ఉన్న మాట కాదు, మర్యాద. పంక్తిలో కూర్చున్న మనిషి విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి "చాలు, వద్దు" అంటాడు, వడ్డించేవాళ్లు వేళ్ల సందుల్లోంచే ఇంకో గరిటె వేస్తారు. మొదటి వద్దుకే గిన్నె వెనక్కి తీసుకుపోతే ఆ ఇంటి పేరు ఊరంతా చెప్పుకుంటారు. ఈ విద్య నాకు నేర్పింది కూడా మా అత్తే. పెళ్లైన కొత్తలో బంధువులొచ్చినప్పుడు ఎవరో వద్దంటే నేను పప్పు గిన్నె పట్టుకుని ముందుకి వెళ్లిపోయాను. "మారు అడగవేందే, మొహమాటపడతన్నారు" అని అందరి ముందూ కేకేసింది. ఆ తర్వాత నేను ఎవరి వద్దునీ వద్దుగా తీసుకోలేదు.

మరిది కూతురి పుట్టినరోజుకి టాలట్ వెళ్లాం. అప్పుడు అత్త అక్కడ ఉంది. రెండు రోజులు ఉండి, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో నా కళ్లతో చూద్దామనుకున్నాను. తెల్లారకుండానే తోడికోడలు లేచి, ఆఫీసుకి లువాస్ ట్రామ్ పట్టుకునే హడావిడిలో అత్త మంచం దగ్గరికి వెళ్లి, "అత్తమ్మా, లేవకు, గోలి ఏసుకో" అని మాత్ర, మంచినీళ్లు ఇచ్చి వెళ్లిపోయింది. టిఫిన్ లేదు, పాలు లేవు. అత్త అలాగే పడుకుని, కాసేపటికి తనే లేచి, తనే వంటింట్లోకి వచ్చి, రెండు బ్రెడ్డు ముక్కలు కాల్చుకుని మార్మలేడ్, అదే నారింజ జామ్, రాసుకుంది. మధ్యాహ్నానికి డబ్బాలో పచ్చిపులుసు, అన్నం. అంతే. పప్పు, కోడికూర, పెరుగు అన్నీ రాత్రికే, అందరూ ఇల్లు చేరాక. ముసలావిడకి పగలంతా పులుసు నీళ్లా అని నాకు కడుపు రగిలిపోయింది. కానీ ఆవిడ కాళ్లు నా కళ్ల ముందే తిరుగుతున్నాయి. నాకు కోపం తిండి మీదా, ఆ కాళ్ల మీదా అనేది నాకే తెలియలేదు.

ఎవరూ లేనప్పుడు వంటింట్లో ప్రెస్, ఇక్కడ అల్మారాని అలాగే అంటారు, తెరిచి మాత్రల డబ్బా తీసి చూశాను. ఇక్కడ ఏదైనా కొత్త మందు వాడుతున్నారేమో, నాకు చెప్పకుండా పెద్దాసుపత్రిలో రాయించారేమో అని. అదే మాత్ర. అదే మోతాదు. డబ్బా యథాతథంగా పెట్టి ప్రెస్ మూశాను.

మర్నాడు సెలవు. తోడికోడలు బల్ల దగ్గర అత్తకి టోస్టు ఇచ్చి, "ఇంకోటి కావాల్నా అత్తమ్మా?" అని అడిగింది. అత్త వద్దంది. తోడికోడలు "సరే" అని ప్లేటు తీసి సింకులో పడేసింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. రెండోసారి అడగలేదు. కనీసం ముఖం వైపు కూడా చూడలేదు. నా మేనత్తకి, పంక్తిలో నూరు మందికి కొసరి కొసరి వడ్డించిన మనిషికి, ఈ ఇంట్లో మారు అడిగే దిక్కు లేదు అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో కారులో బావతో అన్నాను, మీ మరదలు మీ అమ్మని మలమల మాడుస్తోంది అని. "మాడిస్తే ఎట్టా నడుస్తోందే మరి?" అన్నాడు బావ.

ఆ తర్వాత వారంలోనే మరిది ఫోన్ చేశాడు. అమ్మకి ఇక్కడ బాగుంటోంది, ఆసుపత్రి కూడా దగ్గర, ఇలా అటూ ఇటూ తిప్పడం కన్నా ఇక్కడే ఉంచేద్దాం వదినా అన్నాడు. తప్పేమీ లేదు ఆ మాటలో. బావ కూడా సగం ఒప్పేసుకున్నాడు. నాకు మాత్రం ఎవరో నా చేతిలోంచి గిన్నె లాక్కున్నట్టు అనిపించింది. నా మేనత్త నా దగ్గర ఉండాలి. బాగుపడితే నా దగ్గరే బాగుపడాలి. ఈ వంతు మాది, వచ్చే క్లినిక్ కూడా ఇక్కడే ఉంది, అది చూపించాక అప్పుడు ఆలోచిద్దాం అని గట్టిగా చెప్పి అత్తని తెచ్చుకున్నాను.

తెచ్చుకుని ఇంకా కసిగా వండాను. అక్కడ మాడి వచ్చింది కదా అని రెండు గుడ్లు పెట్టాను. బాదం పాలు, శనగపప్పు, పనీరు. టాలట్ నుంచి వచ్చినప్పుడు కారు దిగి తనే లోపలికి నడిచిన మనిషి పది రోజులు తిరక్కుండా మళ్లీ గుమ్మం దగ్గర నిలబడిపోయింది. మంచం మీద పక్కకి ఒత్తిగిలాలన్నా బావ రావాల్సి వచ్చింది. ఆవిడ మనసు అక్కడే ఉందని, నా ఇంటికి రావడం ఇష్టం లేకనే ఒళ్లు ఇలా మొరాయిస్తోందని నేను నమ్మాను. ఒకరోజు స్నానం చేయిస్తూ, "అక్కడైతే నడుస్తావు, ఇక్కడ నడవవు, నేనేం పాపం చేశాను అత్తా" అని అడిగేశాను. ఏదో అంది. నీళ్ల చప్పుడులో వినపడలేదు. నేను మళ్లీ అడగలేదు.

క్లినిక్‌లో ఈసారి పార్కిన్సన్స్ నర్సు కూర్చోబెట్టి మాట్లాడింది. ఈ జబ్బు వాళ్లనే చూసే నర్సు ఆవిడ. మాత్ర ఎప్పుడు, దేనితో వేస్తున్నారు అని అడిగింది. నేను కాస్త గర్వంగానే చెప్పాను. పెసరట్టు అంటే ఏమిటో, సున్నుండ అంటే ఏమిటో వివరించాను. ఆవిడ అంతా విని, ఇంత బాగా చూసుకుంటున్నారు, తిండి ఏమీ తగ్గించొద్దు, వేళ మాత్రం మార్చాలి అంది. ఈ మాత్ర, తిండిలోని మాంసకృత్తులు, రెండూ పేగులోంచి రక్తంలోకి వెళ్లేది ఒకే తలుపు గుండానట. రక్తంలోంచి మెదడులోకి వెళ్లేటప్పుడు కూడా అంతేనట. గుడ్డు, పాలు, పప్పు కలిసి వస్తే అవి ముందు తోసుకుని లోపలికి పోతాయి, మాత్ర బయట నిలబడిపోతుంది. అందరికీ ఇంతగా ఇబ్బంది ఉండదు, కానీ జబ్బు ముదిరిన కొందరిలో బాగా తెలుస్తుంది. అందుకని మాత్ర తిండికి ఓ అరగంట ముందు, మంచినీళ్లతో. వికారం వస్తే ఒక ఉప్పు బిస్కెట్టు. పప్పు, గుడ్డు, పెరుగు ఎక్కువ భాగం రాత్రి భోజనంలో.

అప్పుడడిగింది, ఈవిడ బాగా తిరిగే రోజులు ఏమైనా ఉన్నాయా అని. బావ ఠక్కున చెప్పాడు, మా తమ్ముడింట్లో బాగుంటుంది అని. అక్కడ పొద్దున్న ఏం తింటుంది అంది. నేను బల్ల కింద బావ కాలు తొక్కాను. అయినా చెప్పాడు, టోస్టు, మార్మలేడ్ అని.

"పర్ఫెక్ట్" అంది నర్సు.

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇంటికి వచ్చేదాకా నేను మాత్ర గురించి ఆలోచించలేదు, పేగు గురించి ఆలోచించలేదు. తోడికోడలి గురించే ఆలోచించాను. చదివి, తెలుసుకుని చేసి ఉంటే ఒప్పుకునేదాన్ని. లేచి పెసరపప్పు రుబ్బలేని బద్ధకంతో, లువాస్ తప్పిపోతుందన్న తొందరలో చేసిన పనికి పర్ఫెక్ట్ అట. నా చేతులు నొప్పెట్టేలా చేసినదంతా తలుపు దగ్గర తోపులాట అట.

అయినా నేను ఓడిపోయే రకం కాదు. మర్నాటి నుంచి పద్ధతి మార్చేశాను. పొద్దున్నే మంచం దగ్గరే మంచినీళ్లతో మాత్ర. తర్వాత ఎప్పటికో అటుకుల ఉప్మా, లేకపోతే సేమియా. మధ్యాహ్నం పచ్చిపులుసు నేర్చుకున్నాను, తోడికోడల్ని అడక్కుండా, ఫోన్‌లో చూసి. రాత్రికి నా పప్పు, నా పెరుగు. డాక్టర్ మాత్రల మధ్య ఎడం కూడా కాస్త సవరించింది. కొన్నాళ్లకి అత్త గుమ్మం దాటింది. నేను పొయ్యి దగ్గర ఉంటే వెనక చెప్పుల చప్పుడు వినపడింది. తిరిగి చూస్తే వంటింటి మధ్యలో నిలబడి ఉంది. నేను మొదట చేసిన పని ఫోన్ తీసి, ఇంకోసారి నడవమని, వీడియో తీసి టాలట్‌కి పంపడం.

అంతా బాగైపోయిందని చెప్పను. మాత్ర పని అయిపోయే వేళకి మళ్లీ బిగుసుకుంటుంది. ఒక్కోసారి మందు ఎక్కువై తల, భుజాలు వాటంతటవే ఊగుతుంటాయి. ఆ జబ్బుతో బేరం రోజూ కొత్తగా ఆడాల్సిందే. కానీ ఇక టాలట్‌లోనే ఉంచేద్దాం అనడానికి మరిదికి ఇప్పుడు కారణం లేదు. నేను గెలిచాను అనుకున్నాను.

నడక కుదుటపడ్డాక మాట కోసం స్పీచ్ థెరపీకి పంపారు. ఎన్నిస్‌లోనే, చిన్న గది. ఆ థెరపిస్టు చెప్పింది నాకు కొత్తగా అనిపించింది. ఈ జబ్బు ఉన్నవాళ్లకి తాము మామూలుగానే మాట్లాడుతున్నామని అనిపిస్తుందట. మెదడు గొంతుని తప్పుగా కొలుస్తుంది. అందుకే వాళ్లకి అరిచినట్టు అనిపించేంత గట్టిగా మాట్లాడటం నేర్పాలి, అప్పుడు మనకి మామూలుగా వినపడుతుంది. అత్త చేత గొంతెత్తి "ఆ" అనిపించింది. తర్వాత, ఇంట్లో రోజూ అవసరమయ్యే మాటలు కొన్ని మీరే ఎంచుకోండి, వాటిని గట్టిగా సాధన చేద్దాం అంది. నేను అది తెలుగులో చెప్పాను. మొదట "అమ్మాయ్" అంటుందని నా నమ్మకం. నన్ను పిలిచే మాట అదే కదా.

అత్త చాలాసేపు ఆలోచించింది. తర్వాత "వద్దు" అంది.

థెరపిస్టు నా వైపు చూసింది, అంటే ఏమిటని. "నో, థాంక్యూ" అని చెప్పాను.

అత్త తల అడ్డంగా ఊపింది. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు తక్కువే, అది చాలింది. "నాట్ థాంక్యూ," అంది. "ఓన్లీ నో."

థెరపిస్టు నవ్వి, మా అమ్మ ఇంట్లో కూడా టీ వద్దంటే ఎవరూ నమ్మరు, మూడుసార్లు చెప్పాలి అంది. మరి దీన్నే గట్టిగా అనమంది. మొదటిసారి గొంతులోనే ఉండిపోయింది. రెండోసారి కొంచెం వచ్చింది. మూడోసారి ఆ చిన్న గది నిండా "వద్దు" అని మోగింది. బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లు తలుపు వైపు చూసి ఉంటారు. థెరపిస్టు గ్రాండ్, గ్రాండ్ అని మెచ్చుకుంది. నేను చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

కారులో అడిగాను. "ఎవరికి చెప్పాలని అత్తా ఆ మాట?"

"నీకే" అంది. థెరపీ అయి వచ్చింది కాబట్టి గొంతు స్పష్టంగానే ఉంది. "గుడ్డు తిన్నాక కాళ్లు రావట్లేదని నాకు తెలుస్తానే ఉంది. వద్దే, వద్దే అని రోజూ అన్నాగా. నువ్వు వినిపించుకోలా."

"మొహమాటం అనుకున్నా."

"నేర్పింది నేనేగా" అంది అత్త.

వాన తుడిచే కడ్డీలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. అడగకూడదని తెలిసీ అడిగాను. "మరి టాలట్‌లో దానికి చెప్పావా?"

"ఒక్కసారి చెప్పా. పొద్దున పాలు వద్దన్నా. మళ్లా పెట్టలా."

కారు ఇంటి ముందు ఆపాను గానీ దిగలేదు. అప్పుడు పుట్టిన కుళ్లుకి అంతకుముందు పడిన కుళ్లంతా కలిపినా సరిపోదు. బద్ధకం కాదు, లువాస్ కాదు, టోస్టు కాదు. నా మేనత్త ఆ పిల్లకి ఒక మాట చెప్పింది, ఆ పిల్ల వింది. రక్తం పంచుకున్న నాకు రోజూ చెప్పింది, నేను ఇంకో గరిటె వేశాను. అత్త నడకని చూసి కుళ్లుకున్నాను, నవ్వుని చూసి కుళ్లుకున్నాను. అసలు కుళ్లుకోవాల్సింది ఆ ఒక్క వద్దుని చూసి.

మరిది వచ్చే ఆదివారం వస్తానన్నాడు. అటూ ఇటూ తిప్పడం అత్తకి కష్టంగానే ఉంది కాబట్టి ఎక్కడ ఉంటుందో ఈసారి తేల్చేద్దాం, అమ్మనే అడుగు వదినా అన్నాడు. మాత్ర బాగా పని చేస్తున్న వేళ చూసి, పచ్చిపులుసు అన్నం తింటుండగా అడిగాను. నా ఇంట్లో ఉంటావా అని అడగలేదు. అలా అడిగితే అవుననక తప్పదు కదా. "టాలట్‌లోనే ఉండిపోతావా అత్తా?" అని అడిగాను.

"వద్దు" అంది. థెరపిస్టు గదిలో అన్నంత గట్టిగా.

నాకు గుండె నిండిపోవాలి. నిండింది కూడా, ఒక్క క్షణం. తర్వాత ముఖంలోకి చూశాను. ముఖం ఏమీ చెప్పదు, అది జబ్బు తీసేసుకుంది. ఇది నిజం వద్దా, నా ఎదురుగా కూర్చుని నేను బాధపడతానని అన్న మొహమాటం వద్దా? మారు అడిగితే తెలుస్తుంది. నా నాలుక చివర ఉంది ఆ ప్రశ్న. కానీ వద్దంటే వద్దుగా తీసుకోవడం నేర్చుకోమని ఆవిడే కదా గది దద్దరిల్లేలా చెప్పింది. అది ఒక కారణం. రెండోసారి అడిగితే "సరే, పోతాలే" అంటుందేమోనన్న భయం ఇంకో కారణం. ఏది ఎంతో నేను తేల్చుకోలేదు. గిన్నె తీసి సింకులో పెట్టాను.

సాయంత్రం తోడికోడలికి ఫోన్ చేశాను. అప్పుడే లువాస్ దిగి ఇంటికి నడుస్తున్నట్టుంది, గాలి చప్పుడు. అత్త వద్దంది, ఇక్కడే ఉంటుంది అని చెప్పాను.

"గట్టిగనే అన్నదా అక్కా?"

"గట్టిగానే అంది."

"ఇంకోపారి అడుగకపోయినవా?"

మొదటి వద్దుకే ప్లేటు సింకులో పడేసే పిల్ల అడిగిన మాట అది. ఆ గొంతు నాకు బాగా తెలుసు, ఎన్నో ఆదివారాలు నా గొంతు అలాగే ఉండేది. నువ్వే ఆదివారం వచ్చి అడుగు అని అనొచ్చు. నోటిదాకా వచ్చింది.

"వద్దంటే వద్దే కదా" అన్నాను.

"సరే అక్కా" అంది. అది నిజం సరే కాదని తెలిసి కూడా నేను ఫోన్ పెట్టేశాను.